మూడో పిలుపు

కొండ కొస మీద గాలి లేదు. అది సుహాసినికి వింతగా ఉంది. గోపాల్‌పేటలో తమ చేను పక్కన ఉన్న గుట్ట ఎక్కితే, ఎంత ఎండాకాలమైనా, కొసన చెవుల్లో హోరుమని గాలి కొట్టేది. ఇక్కడ, గుట్టలన్నీ ఒకదాని మీదొకటి ఎక్కి కూర్చున్నట్టున్న ఈ హిమాచల్ కొండల్లో, ఆకాశానికి ఇంత దగ్గర, ఒక ఆకు కదిలేపాటి గాలి కూడా లేదు. కదలడానికి ఆకూ లేదు. కింద ఉండవలసిన లోయ కూడా కనబడటం లేదు. లోయ ఉన్నచోట పొగమంచు నిండి, పొంగబోయే ముందు పాలు కదిలినట్టు నెమ్మదిగా కదులుతోంది.

ఆమె భుజం మీది జత చెక్కలను దించి మంచులో గుచ్చి నిలబెట్టింది. వాటిని స్కీలు అనాలని శిక్షణకు వచ్చిన రోజే చెప్పారు. కానీ ఆమె, తనతో వచ్చిన రెబెకా తమలో తాము చెక్కలనే అనుకునేవారు. స్కీలు అంటే అవి ఎవరివో అనిపించేవి. చెక్కలంటే కాస్త మాట వినేటట్టు ఉండేవి.

ఆ ఏడు చలికాలంలో వనపర్తి కాలేజీలో ఎన్.సి.సి. పిల్లల్లోంచి ఇద్దరు ఆడపిల్లలను మంచుకొండల మీద శిక్షణకు పంపాలన్నారు. పరుగులో అందరికన్నా ముందుండే రెబెకా వెంటనే చెయ్యెత్తింది. సుహాసిని ఎత్తలేదు. ఎత్తిన మిగతావాళ్ల ఇళ్లలో ఒప్పుకోకపోయేసరికి, వెనక వరుసలో ఏమీ మాట్లాడకుండా నిలబడ్డ సుహాసిని పేరు రాసుకున్నారు. మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టేనని అందరూ అనుకుంటారు. ఆమె విషయంలో చిన్నప్పటి నుంచీ అదే జరుగుతూ వచ్చింది. ఇంట్లో నాయన తిరుపతయ్య మాత్రం చాలాసేపు ఆలోచించి, తెల్లారగట్ల మన చేన్ల పడేదే గదా మంచు, దాన్ని చూడనీకి గంత దూరం ఎందుకు అన్నాడు. అని, మర్నాడే వనపర్తి పోయి ఉన్ని టోపీ కొనుక్కొచ్చాడు.

రెబెకాది గద్వాల పక్క పల్లె. ఆమె అమ్మానాయనలు, జమ్ములమ్మ, యోసేపు, గుంపు మేస్త్రీ వెంట మట్టిపనులకు పోయి ఎన్నో రాష్ట్రాల్లో కాలువలు తవ్వారు. రెబెకా చిన్నతనమంతా డ్యాముల పక్కన గుడారాల్లోనే గడిచింది. తర్వాత కొన్నేళ్లు అవ్వ దగ్గర ఉండి, పొద్దున్నే విత్తనపత్తి చేలలో పుప్పొడి కోసం పూలకు పూలు అద్దే కూలికి పోయి, ఆ పైన హాస్టల్లో చేరి చదువుకుంది. కాలేజీలో ఇద్దరూ ఎదురుపడితే నవ్వుకునేవారు, అంతే. రైలెక్కాకే మాటలు మొదలయ్యాయి. మాటలన్నీ రెబెకావే. సుహాసిని కిటికీ వైపు కూర్చుని వినేది. ఒక మధ్యాహ్నం, రైలు ఎక్కడో ఆగిపోయి ఎంతకీ కదలనప్పుడు, రెబెకా పత్తి గది సంగతి చెప్పింది. పత్తి తీసే కాలంలో ఆసామి ఇంట్లో ఒక గది అటక దాకా పత్తితో నిండేదట. పిల్లలు అందులోకి దూరి పడుకుంటే వాళ్ల అరుపు బయటికి, బయటి అరుపు లోపలికి వినబడేది కాదట. ఒకసారి రెబెకా అందులో నిద్రపోతే అవ్వ ఊరంతా వెతికిందట.

ఈ శిబిరంలో రెబెకానే సుహాసినికి నోరు. సుహాసినికి హిందీ అక్షరాలు వచ్చు. ఊరి బళ్లో నేర్పినవన్నీ తప్పు లేకుండా చదవగలదు. కానీ ఎదుటి మనిషి మాట్లాడితే ఆ అక్షరాలేవీ వినబడేవి కావు. అన్నంలోకి ఉప్పు కావాలన్నా, చేతి తొడుగు చినిగిందని చెప్పాలన్నా రెబెకా చెవిలో చెప్పేది. రెబెకా దాన్ని గట్టిగా, నాలుగింతలు చేసి అడిగేది. బదులుగా సుహాసిని చూసేది. చూడటం ఆమెకు బాగా వచ్చు. శిక్షణ ఇచ్చే ఆయనను అందరూ ఉస్తాద్ అనేవారు. ఆయన మాట అర్థం కాకపోయినా మోకాళ్లు ఎట్లా వంచుతున్నాడో, చేతికర్రను మంచుకు ఎప్పుడు తాకిస్తున్నాడో చూసి, రాత్రి పడుకునే ముందు రెబెకాకు చెప్పేది.

ఒక్కటి మాత్రం ఎంత చూసినా ఆమె ఒంటికి పట్టలేదు. దిగేటప్పుడు లోయ వైపు వంగాలని ఉస్తాద్ మొదటి రోజు నుంచీ అంటూనే ఉన్నాడు. గుట్ట దిగే మనిషి ఎవరైనా వెనక్కి వాలి మడమలు నేలలో దిగేసి దిగుతారు. నెత్తి మీద కట్టెల మోపు ఉంటే ఇంకా వెనక్కి వాలుతారు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి ఆమె కాళ్లకు తెలిసింది అదే. ఇక్కడ అట్లా వాలితే చెక్కలు ముక్కులెత్తి, తాడు తెంపుకున్న దూడల్లా కాళ్ల కింది నుంచి ఉరికేవి.

"లోయ దిక్కు వంగే మనిషిని ఎవల్నన్న చూసినవా?" అని సుహాసిని ఒకసారి అడిగింది.

"మన దిక్కు చూడలే. అందుకే మనమిద్దరమే పడుతున్నం," అంది రెబెకా.

రెబెకా ఆ తర్వాత పడటం మానేసింది. సుహాసిని చిన్న వాలుల మీద పడకుండా దిగే దాకా వచ్చి, అక్కడ ఆగిపోయింది.

శిక్షణ ముగిసే ముందు ఉస్తాద్ వాళ్లను అలవాటైన వాలు మీదికి కాక, ఎవరూ తిరగని ఈ పెద్ద కొండ మీదికి నడిపించుకొచ్చాడు. ఇక్కడ గుడ్డ జెండాలు లేవు, తొక్కి చదును చేసిన మంచు లేదు. కొసన నిలబడి చూస్తే కొండ కొంచెం దూరం వంగి, తర్వాత ఉన్నట్టుండి కంటికి కనబడకుండా పోతుంది. అక్కడి నుంచి ఎంత నిటారుగా ఉందో దిగితేనే తెలుస్తుంది. ఉస్తాద్ ఏదో చెప్పాడు. భయపడేవాళ్లు, ఒంట్లో బాగాలేనివాళ్లు తన సహాయకుడి వెంట గట్టు వెంబడి నడుచుకుంటూ చుట్టుదారిన దిగవచ్చు, సిగ్గేమీ లేదు అన్నాడని రెబెకా తెలుగులో చెప్పింది. తలనొప్పితో ఉదయం నుంచీ వాంతులు చేసుకుంటున్న ఒక బెంగాలీ పిల్ల చెయ్యెత్తింది. ఆ వెంటనే సుహాసిని చెయ్యెత్తింది.

రెబెకా ఆమె చేతి వంక చూసింది. "ఇన్నేండ్లకు చెయ్యెత్తినవ్ తల్లీ. దీనికా ఎత్తేది?"

"నాకు భయమైతుంది."

"నాకు మాత్రం కాదా? మొన్న నువ్వే గద చెప్పినవ్, ఆయన మోకాలు ఎట్ల తిప్పుతుండో. నాకు నేర్పి నువ్వు నడుచుకుంట పోతనంటవ్. నేను మాత్రం గట్టు పట్టుకుని ముసలవ్వ తీర్గ రాను. పోత."

అందరూ తమ వైపే చూస్తున్నారని సుహాసినికి అనిపించింది. భాష తెలియకపోయినా వాళ్లకు అంతా తెలిసిపోతున్నట్టే ఉంది.

"పోతే పో," అంది.

వాళ్ల ఇళ్లల్లో గడప దాటే మనిషితో ఎవరూ అట్లా అనరు. కోపమొచ్చినా, తిట్టుకున్నా, పోయిరా అంటారు. ఆమె నోటి నుంచి సగమే వచ్చింది. మిగతా సగం అనేలోపు రెబెకా వెనక్కి తిరిగి చెక్కలు బిగించుకుంటోంది.

ఉస్తాద్ ముందు దిగాడు. ఆయన వెనక ఒక్కొక్కరే. ముందు పోయినవాడు ఆగి, చెక్కల మీద దిగేవాళ్లకే ఇచ్చిన ఈల ఊదితే వెనకవాడు కదలాలి. సహాయకుడు బెంగాలీ పిల్ల సంచి తాను తీసుకుని ఆమెను మెల్లగా గట్టు వెంట నడిపించసాగాడు. సుహాసిని మాత్రం రెబెకా వంతు వచ్చే దాకా ఆగింది. అట్లా ఆగి ఉన్నప్పుడే పొగమంచు లేచింది. అది రావడం ఎవరూ చూడలేదు. కింద ఉన్నది కాస్తా కాళ్ల దగ్గరికి వచ్చింది, మోకాళ్ల దాకా వచ్చింది, ముందున్న పిల్లవాడి నల్ల టోపీని తీసుకుపోయింది. కింద నుంచి ఈల వినబడింది. అందరికన్నా చివర రెబెకా అంచు దాటింది. దాటుతూ ఒకసారి వెనక్కి చూసిందో, చూసినట్టు సుహాసినికి అనిపించిందో.

చెక్కల చప్పుడు కొంతసేపు వినబడింది. కొత్త బట్టను గోటితో గీరుతున్నట్టు సన్నగా, పొడుగ్గా. తర్వాత అది తెగింది. గోనెసంచి దించినట్టు మెత్తగా ఒక చప్పుడయింది. ఇక ఏమీ లేదు.

ఈల వస్తుందని సుహాసిని ఎదురుచూసింది. రాలేదు. పొగమంచు చెవుల్లో కూడా నిండినట్టుంది.

"రెబెకా," అని పిలిచింది.

ఆమె ఎన్నడూ మనిషిని అరిచి పిలిచి ఎరగదు. ఇంట్లో కూడా, చేనుగట్టు అవతల ఉన్న నాయనను అన్నానికి పిలవాలంటే నడిచిపోయి దగ్గర నిలబడేది. ఇప్పుడు గొంతు ఎక్కడ మొదలవుతుందో ఆమెకే తెలియలేదు. పేరు నోటి ముందే ఆగి, పొగలో కలిసిపోయినట్టు అనిపించింది. ఊపిరంతా కూడదీసి, కడుపు లోపలి నుంచి రెండోసారి పిలిచింది. ఆ అరుపు తనదేనా అని ఆమెకే ఝల్లుమంది. మంచు దాన్ని కూడా తీసుకుంది. తిరిగి ఇవ్వలేదు.

మూడోసారి పిలవబోయి ఆగిపోయింది.

తాత ఈరన్న చనిపోయినప్పుడు ఆమెది రెండో తరగతి. ఆడవాళ్లు శ్మశానం దాకా పోరు. కానీ దింపుడు కల్లం వాళ్ల చేను పక్కనే పడింది. పాడెను సగం దారిలో నేల మీద దించారు. నాయన వంగి తాత చెవి దగ్గర నోరు పెట్టి, నాయినా అని పిలిచాడు. పోయిన ప్రాణం ఒకవేళ అక్కడే ఎక్కడైనా ఉంటే వింటుందని అట్లా పిలుస్తారట. గట్టు మీద గడ్డిలో కూర్చుని ఆమె చూసింది. మొదటి పిలుపుకు అందరూ తాత ముఖంలోకి చూశారు. రెండో పిలుపుకు కూడా చూశారు. మూడోది పిలిచాక ఎవరూ చూడలేదు. నాయన లేచి పక్కకు తిరిగాడు, నలుగురు వంగి పాడె ఎత్తారు. ఆ రెండు పిలుపుల దాకా తాత వస్తాడో రాడో తేలలేదని, మూడో పిలుపుతోనే తేల్చేశారని ఆ పిల్లకు అనిపించింది. పెద్దయ్యాక కూడా ఆ అనిపించడం పోలేదు.

ఇప్పుడు రెబెకాను మూడోసారి పిలిచి, ఆమె పలకకపోతే?

సుహాసిని నోరు మూసుకుంది.

గట్టు మీద దూరంగా సహాయకుడు ఆగి, చలో అన్నాడు. ఆమె చెయ్యి కిందికి చూపించి రెబెకా పేరు చెప్పింది. అతను తల ఊపాడు, తనూ కిందికి చూపించాడు. ఉస్తాద్ అన్న మాట ఒక్కటే ఆమెకు అందింది. కింద ఉస్తాద్ ఉన్నాడు, చూసుకుంటాడు అంటున్నాడు కాబోలు. పడిపోయింది, పలకడం లేదు అని చెప్పాలి. పుస్తకంలోని హిందీ అంతా ఆమె కళ్ల ముందు నిలబడింది. చెట్టుకు, కలానికి, మామిడిపండుకు మాటలున్నాయి. పడిపోయిన మనిషికి మాట లేదు. అతను దయగా ఇంకేదో అన్నాడు. భయపడుతోందని అనుకుంటున్నాడు. అదీ నిజమే. బెంగాలీ పిల్ల అతని భుజం మీద వాలి మళ్లీ కక్కుతోంది. అతను అటు తిరిగాడు.

చుట్టుదారిన పోతే కిందికి చేరేసరికి పొద్దు వాలుతుంది. సుహాసిని వంగి చెక్కలు బిగించుకుంది.

అంచు దగ్గర చెక్కల ముక్కులు గాలిలోకి వచ్చాయి. వాటి అవతల లోకం లేదు. కొండకు అడ్డంగా తిరిగి, ఒక పక్క అంచులను మంచులోకి నొక్కి, కొద్దికొద్దిగా దాటింది. దాటగానే పైనున్న కొస కూడా మాయమైంది. కొండ వైపు భుజానికి మంచు గోడలా తగులుతోంది. అంత నిటారు. అటు చెయ్యి చాపితే నిలబడ్డచోటే మంచు అందుతోంది, ఇటు చెయ్యి చాపితే ఏదీ అందదు.

ఆమె వెనక్కి వాలింది. వాలకూడదని తెలుసు. తెలిసే వాలింది. కాళ్లు ఆమె మాట కన్నా గోపాల్‌పేట గుట్ట మాటే విన్నాయి. చెక్కలు ముక్కులెత్తి ఉరికాయి. ఒక్క క్షణం ఏ చప్పుడూ లేకుండా, ఏ బరువూ లేకుండా పోయింది. తర్వాత తుంటి మీద పడి, జారి, టోపీలో, మెడలో, చేతి తొడుగుల్లో మంచు నింపుకుని ఎక్కడో ఆగింది.

ఆగాక కదలలేదు. ఎక్కడా నొప్పి లేదు. వెల్లకిలా పడి ఉంటే పైనా తెలుపే, కిందా తెలుపే. గుండె దూరంగా ఎవరిదో కొట్టుకుంటున్నట్టుంది. అంత చలిలో వింతగా వెచ్చగా అనిపించింది. రెబెకా చెప్పిన పత్తి గది ఇదేననుకుంది. ఇందులోకి దూరితే బయటివాళ్ల అరుపు వినబడదు. రెబెకా ఎక్కడో పక్కనే ముడుచుకుని పడుకుని ఉంది. లేపకూడదు. తానూ కళ్లు మూసుకుంటే సరి. తలుపు సందు నుంచి పల్లీలు వేయిస్తున్న వాసన కూడా వచ్చినట్టయింది. అమ్మ ఎవరినో పేరు పెట్టి పిలుస్తోంది. ఒకసారి. రెండుసార్లు.

ఆమె ఉలిక్కిపడి లేచి కూర్చుంది. మెడలోని మంచు కరిగి వీపు మీదుగా కారింది.

నిలబడటానికి చాలాసేపు పట్టింది. నిలబడ్డాక ఏం చేయాలో తెలుసు. అదే భయం. లోయ వైపు, ఏమీ లేని వైపు, తనంతట తాను వంగాలి. మోటబావి అంచున నిలబడి లోపలి నీళ్లను చూడాలని ఒళ్లంతా బావి మీదికి చాపినట్టు. చిన్నప్పుడు అట్లా చాపినందుకు వీపు చిట్లేట్టు కొట్టింది అమ్మ. కళ్లు సగం మూసి, ఆ దెబ్బ ఇప్పుడు పడుతుందన్నట్టు భుజాలు బిగించి, ఆమె వంగింది.

చెక్కలు మాట విన్నాయి. ఉరకలేదు. కొండను కరుచుకుని, చెప్పినట్టు, అడ్డంగా, మెల్లగా సాగాయి.

నమ్మలేక ఇంకొంచెం వంగింది. ఇంకొంచెం సాగాయి. ఆ కొస నుంచి ఈ కొసకు, ఆగి, కూలబడి, చెక్కలు ఒక్కొక్కటే ఎత్తి ఇటు తిప్పుకుని, ఈ కొస నుంచి ఆ కొసకు. తిరిగేటప్పుడల్లా ప్రాణం గొంతులోకి వచ్చేది. మధ్యలో మాత్రం ఏమీ ఉండేది కాదు. తాను కదులుతోందో పొగమంచు కదులుతోందో తెలిసేది కాదు. ఒకచోట చాలా దూరం పోతున్నాననుకుని చూస్తే నిలబడే ఉంది. ఇంకోచోట ఆగాననుకుని ఊపిరి తీసుకుంటూ ఉంటే, నిలబడ్డది నిలబడ్డట్టే పక్కకు ఒరిగి పడిపోయింది. అప్పుడు తెలిసింది, ఆగలేదని. ఆ తర్వాత కర్ర మొనను చూస్తూ పోయింది. ఆ తెల్లటి లోకంలో నల్లగా ఉన్నది అదొక్కటే.

ఒక తిరుగుడు దగ్గర కాళ్ల కింది మంచు కదిలింది. కుప్ప మీది నుంచి వడ్లు జారినట్టు సుర్రుమంటూ చీలమండల చుట్టూ పారింది. ఆమె కదలకుండా నిలబడింది. పారినంత పారి, అది కింద ఎక్కడికో పోయింది. ఎంతసేపు విన్నా అది నేల మీద పడ్డ చప్పుడు రాలేదు. ఏడుపు రాలేదు. ఏడవడానికైనా ఎవరో ఒకరు ఉండాలి కదా అనిపించింది.

ఆ కిందనే గుర్తులు కనబడ్డాయి. ముందు పోయినవాళ్ల వంకర గీతల మీదుగా రెండు గీతలు, పక్కపక్కన, చక్కగా. ఇంత చక్కగా పోయేది రెబెకానే. సుహాసిని వాటి మీదే తన చెక్కలు పెట్టి పోయింది. కొంత దూరం పోయాక ఆ గీతలు వంకర తిరిగాయి. తర్వాత మంచు అంతా కలబెట్టినట్టు చెదిరి ఉంది. అందులోంచి ఒక్క గీత మాత్రం బయటికి వచ్చి, నిటారుగా, పొగలోకి దిగిపోయింది.

ఒక్కటే గీత.

ఆమె దాన్ని చూస్తూ నిలబడింది. పిలవాలని నోరు తెరిచి, మళ్లీ మూసింది. ఆ గీత పక్కన, దానికి తగలకుండా, ఏ మనిషి పక్కనో నడిచినట్టు దిగడం మొదలుపెట్టింది.

ఒక నల్ల బండ పొగలోంచి కొంచెం కొంచెంగా బయటపడింది. బండ కింద ఎర్ర కోటు. రెబెకా బండకు వీపు ఆనించి, ఒక కాలికే చెక్క ఉండగా, రెండు చేతులూ గడ్డం కింద పెట్టుకుని కూర్చుంది. కళ్లు గట్టిగా మూసుకుని ఉంది. పెదవులు కదులుతున్నాయి. యేసయ్యా అన్న మాట మాత్రం వినబడింది.

సుహాసిని ఆమె ఎదుట ఆగలేక, ఆమె కాళ్ల మీద పడి ఆగింది. రెబెకా కళ్లు ఇంకా గట్టిగా మూసుకుంది.

"నేనే," అంది సుహాసిని.

"నువ్వైతే మీ నాయన పేరు చెప్పు."

"తిరుపతయ్య."

రెబెకా ఒక కన్ను తెరిచింది. చూసింది. రెండోది తెరిచింది. చెయ్యి చాపి సుహాసిని ముఖం మీది మంచును తొడుగుతోనే తుడిచి, మళ్లీ చూసింది. ఒక చెక్క ఊడి కిందికి పోయిందని, కాలు మడతపడింది కానీ విరగలేదని, ఉస్తాద్ ఈల రెండుసార్లు విన్నా అది ఏ దిక్కు నుంచో తెలియక కదలలేదని చెప్పింది. తన ఈల ఎక్కడో పడిపోయిందట. అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పి, గొంతు తగ్గించి అడిగింది.

"ఇందాక పిలిచింది నువ్వేనా?"

"నేనే. విన్నవా?"

"విన్న."

"విని పలకకపోతివా?" సుహాసిని గొంతు పగిలింది. "నువ్వు సచ్చిపోయినవనుకున్న."

"రెండుసార్లే పిలిచినవ్ గదనే," అంది రెబెకా, తప్పు తనది కాదన్నట్టు. "మా అవ్వ చిన్నప్పుడే చెప్పింది. తెల్వని జాగల ఎవలన్న పేరు పెట్టి పిలిస్తే మూడో పిలుపుకే పలకాలె. మనిషి గానిది రెండుసార్లే పిలుస్తదంట. మేము డ్యాముల కాడ ఉన్నప్పుడు మా నాయనతో సహా అందరం గట్లనే ఉంటిమి. నువ్వు రెండుసార్లు పిలిచి ఊకున్నవ్. ఇగ నాకు పాణం పోయినంత పనైంది. కండ్లు మూసుకున్న."

"చర్చికి పోతవ్, ఇవన్ని నమ్ముతవా?"

"చర్చిల ఉన్నప్పుడు నమ్మ. గీడ కూసుని చూడు, ఎందుకు నమ్మవో."

"నా గొంతు గుర్తుపట్టలేదా?"

"నీ గొంతు నేనెప్పుడు విన్న? ఉప్పు అడగాల్నన్న నా చెవులనే చెప్తివి. గంత గట్టిగ నువ్వు ఒర్లుతవని నాకేం తెలుసు."

సుహాసినికి నవ్వు రావలసింది. రాలేదు. తొడుగులు విప్పి, ఎర్రబడ్డ వేళ్లను చూసుకుంటూ కూర్చుంది. కొంతసేపటికి, చెప్పాలా వద్దా అనుకుంటూనే, మూడోసారి ఎందుకు పిలవలేదో చెప్పింది. తాతను చేనుపక్కన దించడం, నాయన వంగడం, మూడో పిలుపు తర్వాత ఎవరూ ముఖంలోకి చూడకపోవడం. పోతే పో అని తాను అన్న మాట కూడా చెప్పింది. అంత పొడుగ్గా ఆమె ఎవరితోనూ ఎప్పుడూ మాట్లాడలేదు. రెబెకా మధ్యలో ఒక్క మాట కూడా అడ్డం రాలేదు.

పొగమంచు వాళ్లిద్దరి మధ్య నుంచి పారుతోంది. రెబెకా ముఖం కనబడుతూ, పోతూ, మళ్లీ కనబడుతూ ఉంది.

"నేను పలకాల్నని ఉన్న. నువ్వు పిలువద్దని ఉన్నవ్," అంది రెబెకా చివరికి. "గట్లనే చీకటి పడుతుండె ఇద్దరికి."

సుహాసిని తొడుగులు మళ్లీ తొడుక్కుంది.

"ఆ రెండు పిలుపులు గట్లనే ఇడిసిపెట్టి పోవద్దే. మంచిగుండదు. మూడోది పిలువు. నేను పలుకుత."

"ఎదురుంగ కూసున్నవ్ గద."

"అయినా పిలువు."

ఇంత దగ్గర ఉన్న మనిషిని పిలవడం ఇంత కష్టమని సుహాసిని అనుకోలేదు. రెబెకా కళ్లు మూసుకోకుండా, కదలకుండా, ఆమె నోటి వంకే చూస్తోంది. ఏ కొంచెం ఆలస్యమైనా మళ్లీ భయపడేటట్టుంది.

"రెబెకా," అని పిలిచింది, మెల్లగా, మామూలు గొంతుతో.

"ఓ," అంది రెబెకా. "ఈడనే ఉన్న."

అప్పుడు సుహాసినికి ఏడుపు వచ్చింది. రెబెకా ఆమె తల లాగి భుజానికి ఆనించుకుంది. తడిసిన ఉన్ని వాసన, మంచు వాసన. ఇద్దరూ వణుకుతున్నారు, ఎవరి వణుకు ఎవరిదో తెలియకుండా.

కింద నుంచి ఈల వినబడింది. ఈసారి కొంచెం దగ్గరగా, కానీ ఏ వైపు నుంచో తేలకుండా. రెబెకా బదులు పలకబోయింది. చలికి ఆమె గొంతు మూసుకుపోయి గాలి మాత్రమే వచ్చింది. మళ్లీ ప్రయత్నించి, తన వల్ల కాదన్నట్టు చెయ్యి ఊపేసింది.

సుహాసిని లేచి నిలబడింది. బండను ఒక చేత్తో పట్టుకుని, లోయ వైపు తిరిగి, కడుపు లోపలి నుంచి అరిచింది. ఏ భాషా కాని ఒక పొడుగాటి కేక. ఊపిరి తీసుకుని మళ్లీ అరిచింది. మళ్లీ. కింద ఎవరో గట్టిగా బదులు పలికారు. ఇంకెవరో ఆ గొంతుతో కలిశారు. వాళ్లు తప్పిపోకుండా ఉండాలని ఆమె ఆగకుండా అరుస్తూనే ఉంది.

రెబెకా బండ కింద కూర్చుని, తల కొంచెం పక్కకు వంచి, ఆ గొంతును గుర్తుపెట్టుకుంటున్నట్టు వింటోంది.